ముల్లు అబద్ధమాడితే ముప్పే!

పాత కార్లకు అసలు మీటర్లు కొనేటప్పుడు గమనించవలసిన సంగతులు

విజయవాడ: పాత అంబాసిడర్‌కు రంగు వేయించడం పెద్ద పని కాదు. సీట్లకు కొత్త తొడుగులు కుట్టేవారు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ఇంజిన్ బోరుకు వచ్చినా బాగుచేయగల చేయి తిరిగిన మెకానిక్కులకు ఆటోనగర్లలో నేటికీ కొదవ లేదు. యజమానికి అసలు చిక్కు ఎదురయ్యేది డ్యాష్‌బోర్డులోని మీటరు ముల్లు కదలడం మానేసినప్పుడే. తుక్కు దుకాణంలో వెతికితే అచ్చం అలాంటిదే కనిపిస్తుంది. అదే సైజు, అదే కంపెనీ పేరు, అదే గుండ్రని డయలు. బేరం కుదురుతుంది. బిగించిన తరువాత ముల్లు కదులుతుంది కూడా. ఆ కదిలే ముల్లు నిజం చెబుతోందా లేదా అన్నది మాత్రం చాలామంది పరీక్షించరు.

మీటరు పనిచేయకపోతే డ్రైవరు జాగ్రత్తగా ఉంటాడు. తప్పు చూపే మీటరును నమ్మి ధీమాగా నడుపుతాడు. నీరు మరుగుతున్నా ముల్లు చల్లగా ఉందని చెబితే ఇంజిన్ సీజ్ అయ్యేవరకు సంగతి తెలియదు. అందుచేత పాత కారుకు ‘అసలు’ మీటరు అంటే డయలు మీద పాత కంపెనీ పేరు ఉన్నది అని మాత్రమే అర్థం చేసుకోరాదు. ఆ బండి గేరుబాక్సుకు, ట్యాంకులోని ఫ్లోటుకు, బ్యాటరీకి సరిగ్గా కుదిరి, ఉన్నది ఉన్నట్లు చూపేదే అసలుది. కొనే ముందు ఈ పొంతన చూసుకోవడం ఎలాగో తెలుసుకుంటే డబ్బుతోపాటు ఇంజిన్ కూడా దక్కుతుంది.

ఒక్కో బండిది ఒక్కో జాతకం

మన రోడ్ల మీద తిరిగిన పాత కార్లలో అంబాసిడర్‌ది అగ్రస్థానం. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3 కారును మాతృకగా తీసుకుని హిందుస్థాన్ మోటార్స్ సంస్థ 1957లో దీని ఉత్పత్తిని ప్రారంభించింది. పశ్చిమబెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయింది. ఇన్నేళ్లలో బండి ఆకారం పెద్దగా మారకపోయినా మార్కు మారినప్పుడల్లా లోపలి సామగ్రిలో మార్పులు జరిగాయి. కనుక ‘అంబాసిడర్ మీటరు’ అని అడిగితే సరిపోదు. ఏ మార్కుది, ఏ సంవత్సరానిది అన్నది కూడా చెప్పవలసి ఉంటుంది.

బొంబాయిలోని కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ తయారుచేసిన ఫియట్ 1100 కార్లది మరో వంశం. ఇవే 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకున్నాయి. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థ 1961 నుంచి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్ మూడవది. వీటితోపాటు జీపులు, దిగుమతి చేసుకున్న మోరిస్ మైనర్లు, ఫోక్స్‌వ్యాగన్ బీటిళ్లు అక్కడక్కడ షెడ్లలో భద్రంగా ఉన్నాయి.

కార్ల కంపెనీలు సాధారణంగా మీటర్లను సొంతంగా తయారుచేసుకోవు. బ్రిటన్ కార్లకు స్మిత్స్, ఇటలీ ఫియట్లకు వెగ్లియా, జర్మనీ కార్లకు వీడీఓ, అమెరికా బండ్లకు స్టూవర్ట్ వార్నర్, ఏసీ వంటి సంస్థలు సరఫరా చేసేవి. వీటిలో స్మిత్స్ 1851లో లండన్‌లో గడియారాల దుకాణంగా మొదలైన సంస్థ. మన దేశంలో 1970ల నుంచి కోయంబత్తూరుకు చెందిన ప్రికాల్ వంటి సంస్థలు డ్యాష్‌బోర్డు మీటర్ల తయారీ చేపట్టాయి. ఒకే మీటర్ల కంపెనీ పదుల రకాల కార్లకు సరఫరా చేసింది. బయటి డబ్బా ఒకే సైజులో ఉన్నా లోపలి కొలతలు మాత్రం కారు కారుకూ మారాయి. కొనుగోలుదారులు మోసపోయేది సరిగ్గా ఇక్కడే.

‘అసలు’లో నాలుగు రకాలు

అమ్మకానికి వచ్చే మీటర్లను స్థూలంగా నాలుగు రకాలుగా చూడవచ్చు.

మొదటిది, మీ బండిలోనే ఉన్న మీటరు. చాలామంది దీనిని లెక్కలోకి తీసుకోరు. కర్మాగారంలో బిగించిన ఆ మీటరుకన్నా అసలైనది మరొకటి ఉండదు. ముల్లు కదలనంత మాత్రాన అది పనికిరాదని అర్థం కాదు. బాగుచేయించడం సాధ్యమైతే అదే మేలు.

రెండవది, ఆ రోజుల్లో స్పేరు భాగంగా తయారై, అమ్ముడుపోక పెట్టెలోనే ఉండిపోయినది. వ్యాపారులు దీనిని ‘ఎన్‌ఓఎస్’ అంటారు. ధర ఎక్కువ. పెట్టె కొత్తగా ఉన్నంతలో లోపల కూడా కొత్తదనం నిలిచిందని భావించరాదు. వాడకుండా 40, 50 ఏళ్లు ఉన్న మీటర్లలో నూనె గడ్డకడుతుంది, సన్నని స్ప్రింగులకు తుప్పు పడుతుంది.

మూడవది, మరో బండి నుంచి విప్పినది. మార్కెట్లో ఎక్కువగా దొరికేది ఇదే. పొంతన చూసి తీసుకుంటే ఇది చక్కని బేరమే.

నాలుగవది, పాత నమూనాలో కొత్తగా తయారైనది. వీటిలోనూ తేడాలున్నాయి. వేల్స్‌లోని కేర్‌బోంట్ ఆటోమోటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ అనుమతి పొంది స్మిత్స్ పేరుతో పాత తరహా మీటర్లను తయారుచేస్తోంది. ఇటువంటివి కొత్తవని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు. కొత్త డయలు ముద్రించి, పాత డబ్బాకు అతికించి, ‘అసలు పాతది’ అని అమ్మడం మాత్రం మోసమే.

స్పీడోమీటరు: అడుగున ఉన్న అంకె చూడండి

పాత స్పీడోమీటరు పనితీరు సులభమైనది. గేరుబాక్సు నుంచి ఒక కేబులు తిరుగుతూ వచ్చి మీటరులోని అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెను ఆ అయస్కాంతం తాకకుండానే తనతోపాటు లాగుతుంది. గడియారంలో ఉండే వంటి సన్నని స్ప్రింగు ఆ గిన్నెను వెనక్కు పట్టి ఉంచుతుంది. వేగం పెరిగినకొద్దీ లాగుడు పెరిగి ముల్లు జరుగుతుంది. ఓటో షుల్జ్ అనే జర్మన్ ఆవిష్కర్త 1902లో పేటెంటు పొందిన పద్ధతి ఇదే.

ఇందులో కీలకం కేబులు తిరిగే చుట్ల సంఖ్య. బండి ఒక మైలు నడిచేసరికి కేబులు ఎన్ని చుట్లు తిరుగుతుందో దానికి తగినట్లు మీటరును తయారుచేస్తారు. స్మిత్స్ డయళ్ల అడుగున చిన్న అక్షరాలలో ఒక కోడు, దానితోపాటు 1000, 1280 వంటి అంకె ఉంటుంది. మైలుకు ఎన్ని చుట్లు అన్నది ఆ అంకె. గేరుబాక్సు, వెనుక ఇరుసు పళ్ల నిష్పత్తి, టైరు సైజు మారితే ఆ అంకె కూడా మారుతుంది. అంకె చూడకుండా కొన్న మీటరు అందంగానే ఉంటుంది, వేగం మాత్రం తప్పు చూపుతుంది.

మీ బండికి కావలసిన అంకెను ఇంటి ముందే కనుక్కోవచ్చు. మీటరు వెనుక నుంచి కేబులు విప్పి, లోపలి తీగ కొసకు ఒక కాగితం ముక్కను జెండాలా అతికించాలి. బండిని న్యూట్రల్‌లో ఉంచి, చదునైన నేల మీద సరిగ్గా 20 మీటర్లు నెట్టించి, కాగితం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించాలి. దానిని 50తో గుణిస్తే కిలోమీటరుకు ఎన్ని చుట్లో వస్తుంది. దానిని మళ్లీ 1.609తో గుణిస్తే మైలు లెక్క వస్తుంది. ఉదాహరణకు 20 మీటర్లకు సుమారు 12.4 చుట్లు తిరిగితే కిలోమీటరుకు 620, మైలుకు దాదాపు 1000 అన్నమాట. ఒకటికి రెండుసార్లు చేసి సగటు తీసుకోవడం మంచిది.

దుకాణంలోనూ పరీక్షించే వీలుంది. డయలు మీద ఉన్న అంకె ఎంతో, నిమిషానికి అన్ని చుట్లు తిరిగేలా డ్రిల్లు మిషనుతో మీటరును తిప్పితే ముల్లు 60 దగ్గర నిలవాలి. తిప్పే దిక్కు తప్పితే ముల్లు సున్నా దగ్గరే ఉండిపోతుంది. అటువంటప్పుడు రెండవ దిక్కున తిప్పి చూడాలి.

మైలు, కిలోమీటరు మాయ

మన దేశంలో 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. 1960ల మొదట్లో మెట్రిక్ విధానం అమలయ్యేవరకు కార్ల మీటర్లలో మైళ్లే ఉండేవి. కనుక 1950ల నాటి బండికి మైళ్ల డయలు ఉండటమే సహజం. అందులో కిలోమీటర్ల డయలు కనిపిస్తే మధ్యలో ఎవరో మార్చారని అనుమానించవచ్చు.

కొందరు మైళ్ల మీటరుకు లోపలి యంత్రాన్ని అలాగే ఉంచి, పైన కిలోమీటర్ల డయలు మాత్రమే అతికిస్తారు. దీని ఫలితం ప్రమాదకరం. ముల్లు 50 దగ్గర ఉంటే డ్రైవరు 50 కిలోమీటర్ల వేగం అనుకుంటాడు. నిజానికి బండి 50 మైళ్ల వేగంతో, అంటే గంటకు 80 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతూ ఉంటుంది. పాత డ్రమ్ము బ్రేకుల బండికి ఈ తేడా ప్రాణాంతకం. బిగించిన తరువాత సెల్‌ఫోనులోని జీపీఎస్ వేగంతో ఒకసారి సరిచూసుకుంటే ఈ మాయ బయటపడుతుంది. కిలోమీటరు రాళ్ల మధ్య ఓడోమీటరు ఎంత తిరిగిందో చూడటం కూడా మంచి పరీక్షే.

కొత్త మీటరు కొనే ముందు కేబులును పరీక్షించడం మరచిపోరాదు. ముల్లు గజగజ వణుకుతుంటే తప్పు ఎక్కువగా ఎండిపోయిన, మెలిపడిన కేబులుదే. కేబులు పైకొసకు గ్రీజు దట్టించినా అది మీటరులోకి పాకి, గిన్నె అయస్కాంతానికి అతుక్కుని, ముల్లు చివరి అంకెకు ఎగబాకుతుంది. ఇటువంటి మీటరును శుభ్రం చేయిస్తే చాలు.

ట్యాంకు నిండినా ఖాళీ అంటే..

పెట్రోలు ముల్లు ఒంటరిగా పనిచేయదు. ట్యాంకులో ఫ్లోటుతో కూడిన యూనిట్ ఉంటుంది. పెట్రోలు మట్టాన్ని బట్టి దాని నిరోధం మారుతుంది. డ్యాష్‌బోర్డులోని గేజి ఆ మార్పును చదువుతుంది. రెండూ ఒకే భాష మాట్లాడాలి. వీడీఓ తరహాలో ఖాళీ ట్యాంకుకు 10 ఓములు, నిండు ట్యాంకుకు 180 ఓములు. స్టూవర్ట్ వార్నర్ తరహాలో ఇది తలకిందులు. ఖాళీకి 240, నిండుకు 33. ఒకదాని ఫ్లోటుకు మరొకదాని గేజిని తగిలిస్తే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఖాళీ అని, ఖాళీ అయినప్పుడు నిండుగా ఉందని చూపుతుంది. ఫ్లోటు యూనిట్‌ను మల్టీమీటరుతో కొలిచి, ఆ అంకెలను కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లడం ఉత్తమం.

బ్రిటిష్ సంప్రదాయపు బండ్లలో 1960ల మధ్య నుంచి పెట్రోలు, ఉష్ణోగ్రత గేజీలకు 12 వోల్టులు నేరుగా అందవు. మధ్యలో అగ్గిపెట్టె కన్నా చిన్నదైన ‘వోల్టేజి స్టెబిలైజరు’ ఉండి, సగటున 10 వోల్టులే పంపుతుంది. ఈ రెండు ముళ్లూ ఒకేసారి తప్పు చూపడం మొదలైతే దోషం గేజీలలో కాక ఈ స్టెబిలైజరులోనో, దాని ఎర్తులోనో ఉండే అవకాశం ఎక్కువ. ఈ సంగతి తెలియక రెండు గేజీలు కొని, వాటినీ కాల్చుకునేవారున్నారు. పరీక్ష పేరుతో ఇటువంటి గేజికి బ్యాటరీ తీగను నేరుగా తగిలించరాదు. లోపలి సన్నని వేడి తీగ తెగిపోతుంది.

ఇంజిన్‌కు ప్రాణం ఆ రెండు ముళ్లే

ఇంజిన్‌ను కాపాడేవి ఉష్ణోగ్రత, ఆయిల్ ప్రెషర్ గేజీలు. 1950లు, 60ల నాటి బండ్లలో అనేకం కరెంటు లేకుండానే పనిచేస్తాయి. వంపు తిరిగిన సన్నని లోహపు గొట్టంలో ఒత్తిడి పెరిగితే అది విచ్చుకునే ప్రయత్నం చేస్తుంది. ఆ కదలికే ముల్లును తిప్పుతుంది. ఫ్రాన్సుకు చెందిన యూజీన్ బూర్డన్ 1849లో పేటెంటు పొందిన సూత్రమిది.

పాత ఉష్ణోగ్రత గేజిలో డయలు, పొడవైన రాగి గొట్టం, కొసన ఉండే బుడ్డి మూడూ కలిపి ఒకే వస్తువు. లోపల ఈథర్ వంటి సులువుగా ఆవిరయ్యే ద్రవాన్ని నింపి మూసివేస్తారు. గొట్టం ఎక్కడ తెగినా ద్రవం ఆవిరైపోయి గేజి చచ్చిపోతుంది. తుక్కుకు వచ్చిన బండ్ల నుంచి డ్యాష్‌బోర్డు విప్పేటప్పుడు ఈ గొట్టాన్ని కత్తిరించి పడేయడం మామూలు. అటువంటి గేజి డయలు ఎంత మెరుస్తున్నా అలంకారానికే పనికివస్తుంది. మళ్లీ ద్రవం నింపి అతికించడం నిపుణులు మాత్రమే చేయగల పని.

దీనిని పరీక్షించేందుకు టీ కొట్టు చాలు. మరిగే నీటిలో బుడ్డిని ముంచితే ముల్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరకు రావాలి. డయలు ఫారన్‌హీట్‌లో ఉంటే 212 దగ్గర నిలవాలి. బయటకు తీయగానే నెమ్మదిగా కిందకు దిగాలి. ఎగుడుదిగుడుగా ఆగుతూ కదిలితే కొనకపోవడమే మంచిది.

ఆయిల్ గేజిలను తెలిసిన ఒత్తిడితో పరీక్షించాలి. టైర్లకు గాలి కొట్టే చేతిపంపుకు కొలత గేజి జోడించి, మెల్లగా ఒత్తిడి పెంచుతూ రెండు ముళ్లనూ పోల్చి చూడవచ్చు. కంప్రెసరు గాలిని ఒక్కసారిగా వదిలితే లోపలి గొట్టం శాశ్వతంగా సాగిపోతుంది. డయలు కొలతనూ గమనించాలి. బ్రిటిష్ డయళ్లలో చదరపు అంగుళానికి పౌండ్లు, ఇటలీ డయళ్లలో చదరపు సెంటీమీటరుకు కిలోలు ఉంటాయి. ఒక కిలో దాదాపు 14 పౌండ్లకు సమానం. గేజితోపాటు దాని వెనుక గొట్టాన్ని, బిగింపు దగ్గరి వాషరును కూడా మార్చడం అవసరం. ఏళ్ల తరబడి అదురుకు పెళుసెక్కిన రాగి గొట్టం పగిలితే వేడి ఆయిల్ డ్రైవరు కాళ్ల మీద పడుతుంది, ఇంజిన్ ఆయిల్ ఖాళీ అవుతుంది.

వోల్టులు, ఎర్తు.. నిర్లక్ష్యం వద్దు

పాత జీపులు, 1950ల మధ్య వరకు వచ్చిన అమెరికా కార్లు, 1960ల మధ్య వరకు వచ్చిన బీటిళ్లలో 6 వోల్టుల బ్యాటరీలు ఉండేవి. వాటి కరెంటు గేజిని 12 వోల్టుల బండికి తగిలిస్తే కాలిపోతుంది. బ్రిటన్ కార్లలో 1960ల వరకు బ్యాటరీ ‘ప్లస్’ కొసను బాడీకి ఎర్తు చేసేవారు. ఆ కాలపు ఎలక్ట్రిక్ ఆర్‌పీఎం మీటరు కొనేటప్పుడు అది ఏ ఎర్తుకు తయారైందో తప్పక అడగాలి.

అమ్మీటరు విషయంలో మరింత అప్రమత్తత కావాలి. బ్యాటరీకి వెళ్లే, బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు దాదాపు అంతా దాని గుండానే ప్రవహిస్తుంది. డైనమో తీసివేసి ఆల్టర్నేటరు బిగించిన బండికి పాత 30 ఆంపియర్ల అమ్మీటరు సరిపోకపోవచ్చు. వదులుగా ఉన్న నట్టు దగ్గర వేడి పుట్టి వైర్లు అంటుకునే ప్రమాదముంది. ఏ మీటరును విప్పేటప్పుడైనా ముందుగా బ్యాటరీ తీగ తొలగించడం ప్రాథమిక నియమం.

ఆకుపచ్చ అంకెలతో జాగ్రత్త

రెండవ ప్రపంచయుద్ధ కాలపు సైనిక వాహనాల మీటర్లు, అంతకుముందటి కొన్ని కార్ల మీటర్లలో చీకటిలో వెలిగే రంగు పూసేవారు. అందులో రేడియం కలిపేవారు. నేడు అవి వెలగవు. వెలిగే రసాయనం పాడైపోయినా రేడియం మాత్రం అలాగే ఉంటుంది. దాని శక్తి సగం తగ్గడానికే సుమారు 1600 ఏళ్లు పడుతుంది. గోధుమరంగుకు తిరిగిన మందపాటి అంకెలు కనిపిస్తే అటువంటి డయలును విప్పడం, గోకడం, గాలి ఊది శుభ్రం చేయడం చేయరాదు. పొడి ఊపిరితిత్తులలోకి వెళ్లడమే అసలు ముప్పు. పిల్లలకు అందకుండా ఉంచాలి. సాధ్యమైతే అటువంటి మీటరును కొనకపోవడమే శ్రేయస్కరం.

దొరికేది ఎక్కడ?

వెతుకులాట ఇంటి దగ్గర నుంచే మొదలుపెట్టాలి. విజయవాడ ఆటోనగర్‌లోని పాత విడిభాగాల దుకాణాలు, సికింద్రాబాద్ రాణీగంజ్‌లోని స్పేరు పార్టుల బజారు, హైదరాబాద్‌లో గురువారం జరిగే జుమేరాత్ బజార్ మొదటి మజిలీలు. ఇతర ప్రాంతాలలో చెన్నై పుదుపేట, ముంబయి చోర్ బజార్, కోల్‌కతా మల్లిక్ బజార్, ఢిల్లీ కశ్మీరీ గేట్ పాత విడిభాగాలకు పేరొందాయి. అంబాసిడర్ పుట్టిల్లు బెంగాల్ కనుక ఆ భాగాలకు కోల్‌కతా వైపు, ఫియట్ భాగాలకు ముంబయి వైపు వెతకడం సమంజసం. ముంబయిలో 2023 అక్టోబరులో ఆఖరి పద్మిని టాక్సీలు రోడ్ల నుంచి తప్పుకున్నాయి.

పాత మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్ల షెడ్లలో అటక మీది డబ్బాలను మరచిపోరాదు. ఎన్నడో విప్పిన మీటర్లు వారి వద్ద మిగిలి ఉండవచ్చు. అంతేకాక అది ఏ బండిదో చెప్పగలిగేది వారే.

విదేశాల నుంచి తెప్పించుకునేవారు వస్తువు ధరను మాత్రమే చూసి నిర్ణయించుకోరాదు. రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలుపుకుంటే మొత్తం గణనీయంగా పెరుగుతుంది. స్పీడోమీటర్లు కస్టమ్స్ పట్టికలో 9029 శీర్షిక కిందకు వస్తాయి. దారిలో అద్దం పగిలితే బాధ్యత ఎవరిదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. రవాణాలో సన్నని స్ప్రింగులు దెబ్బతినకుండా ముల్లు, కేబులు మొన ఉన్న వైపులకు మెత్తని ప్యాకింగు కోరాలి.

బేరానికి ముందు..

* మీ పాత మీటరును పారవేయవద్దు. ముందు, వెనుక ఫొటోలు తీసి, డయలు మీది కోడు, అంకెలు రాసుకోండి. లోపలి భాగాలు రిపేరుకు పనికివస్తాయి.

* బండి మార్కు, సంవత్సరం, బ్యాటరీ వోల్టులు, ఎర్తు ప్లస్సా మైనస్సా, కేబులు చుట్ల లెక్క, ఫ్లోటు ఓములు ఒక కాగితం మీద ఉంచుకోండి.

* దూరం నుంచి కొనేటప్పుడు డయలు, వెనుక భాగం, బిగింపు మరల ఫొటోలు స్పష్టంగా అడగండి. ముల్లు కదులుతున్న వీడియో పంపమనండి. ‘పనిచేస్తుంది’ అన్న మాట చాలదు.

* అద్దం చుట్టూ ఉండే రింగును గమనించండి. దాని అంచు గీరుకుపోయి, వంగి ఉంటే మీటరును ఎవరో విప్పారని గుర్తు. విప్పడం తప్పు కాదు. ఎందుకు విప్పారో అడగాలి.

* డయలు మీది అక్షరాలను భూతద్దంతో చూడండి. ముద్రణ చుక్కలు చుక్కలుగా కనిపించినా, అరవై ఏళ్ల డయలు మీద అక్షరాలు మరీ తళతళలాడినా అనుమానించాలి.

* పరీక్షించి బిగించేవరకు కొంత సొమ్ము నిలిపి ఉంచే ఒప్పందం చేసుకోండి. సరిపోకపోతే వాపసు తీసుకుంటామని రశీదు మీద రాయించుకోండి. వ్యాపారి మోసగిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.

ఓడోమీటరు చెప్పే చరిత్ర

స్పీడోమీటరు మార్చితే దానితోపాటు బండి తిరిగిన దూరం లెక్క కూడా మారిపోతుంది. 80 వేల కిలోమీటర్లు తిరిగిన బండికి 20 వేలు చూపే మీటరు బిగిస్తే, చూసేవారికి అది తక్కువ తిరిగిన బండి. రేపు అమ్మేటప్పుడు ఈ సంగతి దాచిపెట్టి ధర పెంచడం కొనుగోలుదారును మోసగించడమే. భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ ప్రకారం మోసం శిక్షార్హం. మీటరు మార్చిన రోజున పాత అంకె, కొత్త అంకె, తేదీ ఒక కాగితం మీద రాసి, ఫొటోతో సహా బండి కాగితాలలో భద్రపరచాలి. బండి విలువ దీనివల్ల తగ్గదు. చరిత్ర తెలిసిన బండికే గౌరవం ఎక్కువ.

50 ఏళ్లు దాటిన వాహనాలను ‘వింటేజ్’గా నమోదు చేసే నిబంధనలను కేంద్ర ప్రభుత్వం 2021 జులైలో ప్రకటించింది. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న సొంత వాహనాలకే ఈ గుర్తింపు. కొత్త నమోదుకు 20 వేల రూపాయలు, పునర్నమోదుకు 5 వేల రూపాయల రుసుమును ఆ నిబంధనలు నిర్ణయించాయి. నమోదు 10 ఏళ్లు చెల్లుతుంది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడు తరువాత ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అటువంటి బండ్లను ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి అవసరాలకే రోడ్డు మీదకు తీసుకురావాలి. బండిని తనిఖీకి సిద్ధం చేసేవారికి కాలానికి తగిన మీటర్లు, వాటి వెంట సరైన రికార్డు ఉండటం ఒక బలం.

రిపేరుకే తొలి ఓటు

పాత మీటర్లను బాగుచేసే చేతులు తగ్గిపోతున్నాయి. గడియారాలు బాగుచేసే ఓపిక, కరెంటు పని తెలివి రెండూ కలిసిన పని ఇది. మీ పట్టణంలో అటువంటివారు ఉంటే వారికి పని ఇవ్వడమే మొదట చేయవలసినది. శుభ్రం చేసి, ఒక చుక్క నూనె వేసి, స్ప్రింగు సరిచేస్తే తిరిగి ప్రాణం పోసుకునే మీటర్లు అనేకం. అది వీలుకాదని తేలిన తరువాతే కొనుగోలుకు వెళ్లాలి. వెళ్లినప్పుడు కొలతల కాగితం జేబులో ఉండాలి.

నాన్నగారో, తాతగారో నడిపిన బండి స్టీరింగు ముందు కూర్చున్నప్పుడు ఆనాటి డయలే కళ్లెదుట ఉండాలని కోరుకోవడం సహజం. ఆ డయలు మీది ముల్లు ఆనాడు వారికి చెప్పినట్లే నేడు మనకూ నిజమే చెప్పాలి. బండి రోడ్డు ఎక్కే ముందు చూసుకోవలసింది అదే.